ఒక్కటే ఉన్న చీరను పది మంది అడిగితే: పోస్టుల వేళ, లెక్కల గురించి ఒక కేస్ స్టడీ

"రోజుకు ఎన్ని పోస్టులు పెట్టాలి? ఏ వేళకు పెట్టాలి?" సోషల్ మీడియాలో సరుకు అమ్ముకునేవాళ్ళకు సలహాలివ్వడం నా పని. చిన్న వ్యాపారులు నన్ను మొట్టమొదట అడిగేది ఇదే. చాలాకాలం నేను ఈ ప్రశ్నకు నేరుగా ఒక అంకె, ఒక గంట చెప్పి పంపేవాడిని. కింద రాసిన కేసు తర్వాత ఆ పద్ధతి మానుకున్నాను. దుకాణం యజమానురాలి అనుమతితోనే రాస్తున్నాను. ఊరి పేరు చెప్పడం లేదు. గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను. అమ్మకాల అంకెలు ఆమె సొంతం కాబట్టి పోలిక మాత్రమే చెబుతాను.

నేపథ్యం

కోస్తాలో ఒక మోస్తరు పట్టణం. ఇంటి ముందుగదిలో చేనేత చీరల దుకాణం. భర్త వారంలో రెండు మూడు రోజులు మంగళగిరి, ఉప్పాడ వైపు తిరిగి నేతగాళ్ళ దగ్గర సరుకు తెస్తారు. ఫోటోలు తీయడం, పోస్టు చేయడం, అడిగినవాళ్ళకు జవాబివ్వడం, పార్సిళ్ళు కట్టడం భార్య పని. ఇద్దరు పిల్లలు, అత్తగారు, వంటా వార్పూ కూడా ఆమె మీదే. ఈ ఇంటి పనుల సంగతిని నేను మొదట్లో వ్యాపార వివరంగా లెక్కలోకి తీసుకోలేదు. తర్వాత కేసంతా దాని చుట్టూనే తిరిగింది.

2020 లాక్‌డౌన్‌లో దుకాణానికి మనుషులు రావడం ఆగిపోయినప్పుడు ఆమె ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతా తెరిచారు. ఆ ఏడాది జూన్ చివర టిక్‌టాక్ మీద నిషేధం వచ్చింది. జూలైలో మన దేశంలో ఇన్‌స్టాగ్రామ్ చిన్న వీడియోలు, అంటే రీల్స్ మొదలయ్యాయి. చిన్న పట్టణాల నుంచి ఎంతోమంది ఆ నెలల్లోనే ఇన్‌స్టాగ్రామ్‌లోకి వచ్చారు. ఆ అలలో ఆమె ఖాతా కూడా పెరిగింది. నా దగ్గరికి వచ్చేనాటికి 14 వేల మంది ఫాలోవర్లున్నారు. ఫేస్‌బుక్ పేజీ ఒకటి, వాట్సాప్‌లో నాలుగు బ్రాడ్‌కాస్ట్ లిస్టులు (ఒకే మెసేజ్‌ను చాలామందికి విడివిడిగా పంపే జాబితాలు) అదనం.

సరుకు రెండు రకాలు. ఒకటి మంగళగిరి నూలు చీర. అదే అంచు, అదే నేత, ఎనిమిది పది రంగుల్లో దొరుకుతుంది. అయిపోతే మళ్ళీ నేయించవచ్చు. రెండోది ఉప్పాడ జామ్దానీ. పేకలో అదనపు పోగును చేత్తో ఒక్కొక్కటిగా అల్లి బుటా వేస్తారు. ఒక చీర మగ్గం మీద వారాల తరబడి ఉంటుంది. దిగాక అలాంటిది ఇంకొకటి ఉండదు. ఈ రెండు రకాలనూ ఆమె ఒకే తీరున పోస్టు చేసేవారు. నేనూ ఆ తేడాను ఆలస్యంగానే గమనించాను.

ఆమె తెచ్చిన సమస్య

2023లో అధిక శ్రావణం వచ్చింది. వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 25కు జరిగింది. అధిక మాసంలో ఎవరూ కొనరని ఆమె చేతులు ముడుచుకుని కూర్చున్నారు. నిజ శ్రావణం రాగానే వ్రతానికి ముందు వారం రోజుకు 30 నుంచి 40 ఫోటోలు పెట్టారు. ఉదయం 11 గంటలకు అన్నీ ఒకేసారి, ఎందుకంటే పిల్లలు బడికి వెళ్ళాక, వంట మొదలుపెట్టేలోగా ఆమెకు దొరికే ఖాళీ అదే. మెసేజ్‌లు వందల్లో వచ్చాయి. ఆర్డర్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని.

సెప్టెంబరులో నా ఎదుట కూర్చుని ఆమె అన్న మాట నాకు బాగా గుర్తుంది. "ఇంత పెట్టినా కొనలేదంటే టైమింగ్ తప్పిందండీ. లేదా ఇంకా ఎక్కువ పెట్టి ఉండాల్సింది. ఏది?"

ఆ రెండింటిలో ఒకటి ఎంచుకుని నేను పని మొదలుపెట్టాను. ప్రశ్న వేసిన తీరునే ప్రశ్నించి ఉండాల్సింది.

మొదటి ప్రయత్నం: తగ్గించి, రాత్రికి మార్చడం

నా ఆలోచన ఇలా సాగింది. 2016 నుంచి ఇన్‌స్టాగ్రామ్ ఫీడ్‌లో, అంటే యాప్ తెరవగానే కనిపించే జాబితాలో, పోస్టులు వేసిన వరుసలో కనిపించవు. ఎవరికి ఏది నచ్చుతుందో అంచనా వేసి ఆ వరుసలో చూపిస్తుంది. కాబట్టి 30 ఫోటోలు కుమ్మరిస్తే ఒకదానికొకటి అడ్డుపడటమే తప్ప 30 రెట్లు కనిపించడం ఉండదు. 2021లో ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొస్సేరి కూడా వారానికి రెండు ఫీడ్ పోస్టులు, రోజుకు రెండు స్టోరీలు (24 గంటల తర్వాత మాయమయ్యే పోస్టులు) చాలన్న అర్థంలో సలహా ఇచ్చారు. ఆమెను ఒక్కసారిగా అంతకు తగ్గించమంటే భయపడతారని రోజుకు మూడు పోస్టుల దగ్గర ఆపాను.

వేళ విషయంలో నెట్‌లో దొరికే "ఉత్తమ సమయాల" పట్టికలను నేను పక్కన పెట్టాను. అవి ఎక్కువగా అమెరికా, యూరప్ ఖాతాల లెక్కలతో తయారైనవి. గుంటూరులో మధ్యాహ్నం నిద్ర లేచి ఫోను చేతిలోకి తీసుకునే గృహిణి ఆ పట్టికలో ఉండదు. బదులుగా ఆమె ఖాతాలోని ఇన్‌సైట్స్ తెరిచాం. ఫాలోవర్లు ఏ రోజు ఏ గంటల్లో ఎక్కువగా ఉంటున్నారో అక్కడ కనిపిస్తుంది. రాత్రి 9 నుంచి 10 మధ్య గీత నిటారుగా పైకి లేచింది. ఆ లెక్కన రాత్రి 9 గంటల ముహూర్తం పెట్టాం.

మూడు వారాల్లో రీచ్, అంటే పోస్టులు చూసినవాళ్ళ సంఖ్య, బాగా పెరిగింది. లైకులు, కామెంట్లు పెరిగాయి. నేను సంతోషించాను. ఆమె సంతోషించలేదు. ఆర్డర్లు ముందుకన్నా తగ్గాయి.

ఎందుకు తగ్గాయో తెలుసుకోవడానికి ఒక రాత్రి 9 గంటలకు పోస్టు వేశాక ఏం జరుగుతుందో వరుసగా చెప్పమన్నాను. ఆ వేళకు ఆమె పిల్లలకు అన్నం పెట్టి, హోంవర్కు చూసి, గిన్నెలు సర్దుతున్నారు. మెసేజ్‌లు టపటపా వస్తుంటాయి. పదిన్నరకు ఫోను పట్టుకునేసరికి ఒకే జామ్దానీ చీరను పది మంది అడిగి ఉంటారు. మొదటి మనిషికి "ఉందండీ" అని చెబితే ఆమె నిద్రపోయి ఉంటుంది. తెల్లారి "మా ఆయన్ని అడిగి చెబుతా" అంటుంది. ఆ లోపల మిగతా తొమ్మిది మందికి ఏమని చెప్పాలి? చీర ఉన్నట్టా, లేనట్టా? ఉందంటే ఇద్దరికి మాటిచ్చినట్టు. లేదంటే మొదటి మనిషి వెనక్కి తగ్గితే చీర మిగిలిపోతుంది.

దుకాణంలో కౌంటరు దగ్గర మనిషి లేని వేళ చూసి నేను జనాన్ని లోపలికి పిలిచాను. రద్దీ గీత చూపించింది నిజమే. కానీ ఆ గీతలో కొనేవాళ్ళ వేళ ఉందే గాని అమ్మేవాళ్ళ వేళ లేదు.

రెండో ప్రయత్నం: జవాబు మరొకరికి అప్పగించడం

సరే, రాత్రి వేళనే ఉంచి జవాబిచ్చే మనిషిని పెడదామనుకున్నాం. డిగ్రీ చదువుతున్న దగ్గరి బంధువుల అమ్మాయి రాత్రి 9 నుంచి 11 వరకు కూర్చోవడానికి ఒప్పుకుంది. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో ముందే రాసిపెట్టుకునే జవాబుల సదుపాయం ఉంది. ధర, బ్లౌజు ముక్క, కొరియర్ ఖర్చు, డబ్బు పంపే పద్ధతి అందులో రాసిచ్చాం.

మొదటి ప్రశ్నలకు అది పనిచేసింది. చీర కొనే మనిషి ఆగేది మాత్రం రెండో ప్రశ్న దగ్గర. "ఫోటోలో వంకాయ రంగులా ఉంది, ఎండలో చూస్తే నేరేడు రంగు వస్తుందా?" "అంచు కుచ్చిళ్ళు పెడితే బిరుసుగా నిలబడుతుందా?" "మా అమ్మకు అరవై ఏళ్ళు, ఈ బుటా మరీ పెద్దదవుతుందా?" చీరను చేత్తో పట్టుకున్న మనిషి చెప్పాల్సిన జవాబులివి. అమ్మాయి తనకు తెలిసినంత చెప్పింది. తెలియనిచోట రాసిపెట్టిన జవాబు మళ్ళీ పంపింది. పాత కొనుగోలుదారు ఒకావిడ "అక్కా, మీరే కదా మాట్లాడేది?" అని అడిగారట. ఆ ప్రశ్న చదివాక ఈ ఏర్పాటు ఆపేశాం. ఈ దుకాణం అమ్మేది చీరతో పాటు ఆమె మాట. అది అప్పగించేది కాదు.

మధ్యలో ఒక నెల రోజుకొక రీల్ కూడా ప్రయత్నించాం. ఫాలోవర్లు పెరిగారు, వాళ్ళలో కొన్నవాళ్ళు దాదాపు లేరు, ఆమె మధ్యాహ్నాలన్నీ కరిగిపోయాయి. దాని గురించి ఇంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు.

చాట్‌లు చదవడం

అప్పటికి నాలుగు నెలలు గడిచాయి. నేను తీసుకున్న ఫీజుకు సిగ్గనిపించి, ఇన్‌సైట్స్ మూసేసి ఆమె వాట్సాప్ చాట్‌లు తెరవమన్నాను. కొనుగోలుదారుల పేర్లు, నంబర్లు నాకు అక్కర్లేదని చెప్పాను. ఆమే చదివి వినిపించారు. ఒక లాంగ్ నోట్‌బుక్‌లో గీతలు కొట్టి, ఆర్డరుగా మారిన ప్రతి సంభాషణకూ నాలుగు వేళలు రాసుకున్నాం: పోస్టు వేసిన గంట, మొదటి మెసేజ్ వచ్చిన గంట, ఆమె జవాబిచ్చిన గంట, డబ్బు పడిన గంట. ఆర్డరు కానివాటికి చివరి మెసేజ్ ఏమిటో రాసుకున్నాం. ఎనిమిది వారాల చాట్‌లు, రెండు ఆదివారాల పని.

డబ్బు పడిన గంటల వరుస చూడగానే ఇద్దరం మాట్లాడటం ఆపేశాం. మొదటి మెసేజ్‌లు రోజంతా చెదిరి ఉన్నాయి, రాత్రి కొంచెం ఎక్కువ. డబ్బు మాత్రం చాలావరకు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడున్నర మధ్య పడింది. రాత్రి 9కి అడిగినవాళ్ళు కూడా మర్నాడు మధ్యాహ్నమే డబ్బు పంపారు. ఆలోచిస్తే కారణం కష్టమేమీ కాదు. చీర కొనడం ఒంటరిగా తేల్చుకునే పని కాదు. ఫోటో అక్కకు పంపాలి, అమ్మకు చూపించాలి, తోటి ఉద్యోగిని అభిప్రాయం అడగాలి. ఇంట్లో ఉండేవాళ్ళకు భోజనాలయ్యాక, ఉద్యోగం చేసేవాళ్ళకు లంచ్ వేళలో ఆ మాటలు నడుస్తాయి. రాత్రి చూస్తారు, మధ్యాహ్నం తేల్చుకుంటారు.

రెండో గమనింపు ఆమెది. జవాబు పావుగంటలోపు వెళ్ళిన సంభాషణలు ఎక్కువగా ఆర్డర్లయ్యాయి. రాత్రి దాటి వెళ్ళినవి ఎక్కువగా ఆగిపోయాయి. పావుగంట అన్నది ఈ దుకాణం చాట్‌లలో కనిపించిన హద్దు మాత్రమే. మరో వ్యాపారానికి అది గంట కావచ్చు.

మూడోది ఆగిపోయిన సంభాషణల చివరి మెసేజ్‌లలో దొరికింది. దాని సంగతి కాసేపట్లో చెబుతాను. 2023 శ్రావణం ఎందుకు పోయిందో ఆ మెసేజ్‌లే చెప్పాయి.

పనిచేసిన ఏర్పాటు

ఇక్కడి నుంచి లెక్కను తిరగేశాం. ముందు ఎన్ని పోస్టులన్నది పక్కన పెట్టి, ఆమె రోజులో ఏ రెండు గంటలు ఫోను పట్టుకుని, పక్కన చీర పెట్టుకుని కూర్చోగలరో అడిగాను. వంటయ్యాక పన్నెండున్నర నుంచి పిల్లలు బడి నుంచి వచ్చే మూడున్నర దాకా ఖాళీ దొరుకుతుందన్నారు. అత్తగారు భోజనం చేసి పడుకుంటారు. కొనేవాళ్ళ వేళ, అమ్మేవాళ్ళ వేళ అక్కడ కలిశాయి. పోస్టు 12:45కు ఖాయం చేశాం. 11 గంటలకు వేస్తే ఒంటిగంటకు ఆమె వంటగదిలో ఉన్నప్పుడే ప్రశ్నలు వస్తాయి. పావు తక్కువ ఒంటిగంటకు వేస్తే ప్రశ్న వచ్చేసరికి ఆమె కుర్చీలో ఉంటారు.

ఆ రెండున్నర గంటల్లో నిదానంగా, పూర్తిగా ఎంతమందితో మాట్లాడగలరో చూసి, ఎన్ని పోస్టులన్నది దాన్నిబట్టి నిర్ణయించాం. వారానికి నాలుగు ఫీడ్ పోస్టులు తేలాయి: సోమ, మంగళ, గురు, శుక్రవారాలు. బుధవారం పార్సిళ్ళకు, శనివారం మరో పనికి. ఎక్కువ పెడితే ఆమె జవాబులు తరిగిపోతాయి, తక్కువ పెడితే ఆ గంటలు ఖాళీగా పోతాయి. నాలుగన్న అంకె వెనుక ఉన్నది అంతే.

తర్వాత ఆ అంకెను కాస్త పెంచగలిగాం, అది ఎలాగో చెప్పాలి. "ధర మెసేజ్‌లో చెబుతాం" అని పోస్టులో రాయడం ఆమెకు అలవాటు. అలా రాస్తే ఎక్కువమంది మెసేజ్ చేస్తారు, పోస్టు ఎక్కువమందికి వెళుతుందని ఎవరో చెప్పారట. ధర అడిగి మాయమయ్యేవాళ్ళతో ఆమె మధ్యాహ్నంలో సగం గడిచేది. ధర, బ్లౌజు ముక్క ఉందో లేదో, కొరియర్ ఖర్చు పోస్టులోనే రాయించాను. ఫోటోలు ట్యూబ్‌లైటు కింద మాని, ఉదయం ఎనిమిది, తొమ్మిది మధ్య వరండా వెలుగులో తీయమన్నాను. రంగు గురించిన ప్రశ్నలు తగ్గాయి. మెసేజ్‌లు మొత్తం మీద తగ్గాయి, వచ్చినవి కొనే ఉద్దేశంతో వచ్చినవి. జవాబు భారం తగ్గింది కాబట్టి ఐదో పోస్టుకు చోటు దొరికింది.

ఆ తర్వాత సరుకును విడదీశాం. ఈ కేసులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది. ఫీడ్‌లో పోస్టు వరుసలో కనిపించదని ముందే చెప్పాను కదా. అంటే సోమవారం వేసిన పోస్టు కొందరికి బుధవారం, గురువారం కూడా కనిపిస్తుంది. ఒక్కటే ఉన్న జామ్దానీని ఫీడ్‌లో పెడితే అది సోమవారమే అమ్ముడుపోతుంది. బుధవారం చూసిన ప్రతి మనిషికీ "అయిపోయిందండీ" అన్న మాటే దక్కుతుంది. ఆ మాట మూడుసార్లు విన్నవాళ్ళు నాలుగోసారి అడగరు. స్టోరీ ఉండేది 24 గంటలే. ఒక్కటే ఉన్న చీర అమ్మకానికి ఉండేదీ దాదాపు అంతసేపే. అందుకని జామ్దానీలన్నీ స్టోరీల్లోకి మారాయి, అమ్ముడుపోగానే తీసేయడం నియమం. మళ్ళీ నేయించగల మంగళగిరి చీరలు, రంగులన్నీ కలిపి ఒకే పోస్టులో, ఫీడ్‌లోకి వెళ్ళాయి. నూలు చీర మొదటిసారి ఎలా ఉతకాలి, గంజి ఎప్పుడు పెట్టాలి లాంటి పోస్టులకు గడువే లేదు. వాటిని ఆమె తీరిక ఉన్న రోజున రాసి, మెటా బిజినెస్ సూట్‌లో ముందే తేదీ పెట్టి ఉంచారు. వారాల తర్వాత కూడా వాటిని సేవ్ చేసుకునేవాళ్ళు ఉన్నారు.

వాట్సాప్ సంగతి వేరు. ఒక్కో బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది చొప్పున నాలుగు లిస్టులు కాబట్టి రోజూ వెయ్యిమంది తన చీరలు చూస్తున్నారని ఆమె నమ్మకం. కానీ మన నంబరు తమ ఫోనులో సేవ్ చేసుకున్నవాళ్ళకే బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ చేరుతుంది. పంపిన మెసేజ్ వివరాలు తెరిచి ఎంతమందికి చేరిందో చూపించాను. సగానికి పైగా పేర్లు ఆ జాబితాలోనే లేవు. రోజుకు 20 ఫోటోలు పంపడం వల్ల చేరినవాళ్ళలో కూడా తెరిచినవాళ్ళు కొద్దిమంది. ఆమె ముఖం చిన్నబోయింది. మూడేళ్ళుగా రోజూ అరగంట ఆ పని చేస్తున్నారు. ఆ రోజు నుంచి ప్రతి పార్సిల్‌లో చిన్న చీటీ పెట్టారు: "మా నంబరు సేవ్ చేసుకుంటే కొత్త నేతలు ముందుగా మీకే చూపిస్తాం." పంపడం వారానికి రెండుసార్లకు, ఒక్కోసారి మూడు ఫోటోలకు తగ్గించాం. ముందుగా చూపిస్తామన్న మాట నిలబెట్టుకోవాలి కాబట్టి జామ్దానీ మొదట ఈ లిస్టుకు, గంట తర్వాత స్టోరీకి.

శనివారం అన్నాను కదా. కొనేవాళ్ళలో కొద్దిమంది డాలస్, న్యూజెర్సీల్లో ఉన్న మన తెలుగువాళ్ళు. మన మధ్యాహ్నం ఒంటిగంట అంటే డాలస్‌లో అర్ధరాత్రి దాటిన వేళ. వాళ్ళకు విడిగా ఒక లిస్టు చేసి శనివారం రాత్రి 8 గంటలకు పంపించాం. చలికాలంలో డాలస్‌లో అది ఉదయం 8:30, ఎండాకాలంలో 9:30. సెలవు రోజు, కాఫీ వేళ. ఆ ఒక్క రాత్రి పిల్లల భోజనం భర్త చూసుకుంటారు. మార్చిలో రెండో ఆదివారం, నవంబరులో మొదటి ఆదివారం అక్కడ గడియారాలు మారతాయని గోడ మీది క్యాలెండర్‌లో రాయించాను.

దర్జీ లెక్క

ఇక 2023 శ్రావణం సంగతి. ఆగిపోయిన సంభాషణల చివరి మెసేజ్‌లు చదువుతుంటే ఒకే మాట వేర్వేరు రూపాల్లో వచ్చింది. "చీర బాగుంది కానీ ఇప్పుడు బ్లౌజు ఎవరు కుడతారు?" "టైలర్ తీసుకోనంటోంది." "పండగయ్యాక చూస్తాను."

అడిగినవాళ్ళు పోస్టులు చూశారు, చీర నచ్చింది, ధర నచ్చింది. వాళ్ళకు లేనిది దర్జీ. చీర ఇంటికి చేరడానికి కొరియర్‌కు మూడు నుంచి ఐదు రోజులు. ఫాల్, పీకో వేయించాలి. శ్రావణానికి ముందు ఏ ఊళ్ళోనైనా దర్జీలు రెండు వారాల ముందే కొత్త బట్ట తీసుకోవడం ఆపేస్తారు. ఇవన్నీ వెనక్కి లెక్కేస్తే వ్రతానికి చీర అమ్మాల్సింది కనీసం మూడు నాలుగు వారాల ముందు. అంటే అధిక మాసమని ఆమె చేతులు ముడుచుకుని కూర్చున్న రోజుల్లోనే కొనేవాళ్ళు దర్జీ దగ్గర వరుస కట్టారు. పోస్టు ఉదయమా, రాత్రా అని మేము నెలల తరబడి గంటలు సవరిస్తున్నాం. తప్పింది గంటల్లో కాదు, వారాల్లో.

2024 ప్రణాళిక పంచాంగం ముందు పెట్టుకుని వేశాం. మే, జూన్ నెలల్లో మూఢం, పెళ్ళి ముహూర్తాలు లేవు. తర్వాత ఆషాఢం. ఆ వేసవిలో వారానికి రెండు పోస్టులకు తగ్గించమన్నాను. ఆమె భయపడ్డారు. పోస్టులు తగ్గితే ఇన్‌స్టాగ్రామ్ ఖాతాను పక్కన పెడుతుందని అందరూ అంటారు కదా అన్నారు. కొనే అవసరం లేని నెలల్లో చీర వెంట చీర చూపిస్తే చూసే కళ్ళు అలసిపోతాయి, అవసరం వచ్చే నెలకు ఆ కళ్ళు మనకు కావాలి అన్నది నా వాదన. ఆ వారాల్లో రోజువారీ కట్టుకునే నూలు చీరలు, ఉతికే పద్ధతులు, మగ్గం మీది పని మాత్రమే చూపించాం.

వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 16న. జూలై 19 నుంచి పోస్టులు వారానికి ఆరుకు పెంచాం, అంటే ఆషాఢం మధ్యలోనే. ప్రతి పోస్టు చివర ఒక వాక్యం: "ఈ వారం ఆర్డరు చేస్తే బ్లౌజు కుట్టించుకోవడానికి పది రోజులు మిగులుతాయి." ఆగస్టు మొదటి వారం దాటాక పండగ చీరల పోస్టులు ఆపేశాం. మిగిలిన రోజుల్లో రెడీమేడ్ బ్లౌజుతో కుదిరే చీరలు మాత్రమే పెట్టాం.

అంతకుముందు ఏడాది శ్రావణం కన్నా ఆర్డర్లు స్పష్టంగా పెరిగాయి. ఆ పెరుగుదల మొత్తం మా ఏర్పాటు వల్లేనని నేను అనను. వేసవి అంతా ఆగిన పెళ్ళిళ్ళు ఆ శ్రావణంలో వచ్చిపడ్డాయి, చీరల దుకాణాలన్నీ కళకళలాడాయి. అందుకే నేను ఇంకో లెక్క చూశాను: అడిగినవాళ్ళలో కొన్నవాళ్ళు ఎంతమంది? ముహూర్తాలు ఎక్కువైతే అడిగేవాళ్ళు పెరుగుతారు, ఈ నిష్పత్తి మాత్రం దానంతటది మారాల్సిన పని లేదు. 2023 వ్రతం వారంలో అడిగిన పదిహేను ఇరవై మందికి ఒకరు కొన్నారు. 2024 జూలై చివరి వారాల్లో ప్రతి నలుగురైదుగురిలో ఒకరు కొన్నారు. దుకాణం బాగుపడిందని నేను నమ్మింది ఈ అంకె చూశాక.

పది రోజుల మౌనం

అక్టోబరులో ఆమెకు జ్వరం. పది రోజులు ఒక్క పోస్టు కూడా పడలేదు. పడక మీద నుంచే "ఖాతా చచ్చిపోతుందేమో, ఏదో ఒకటి మీరే పెట్టండి" అని నాకు మెసేజ్ పెట్టారు. పెట్టవద్దని గట్టిగా చెప్పాను. పెడితే ప్రశ్నలు వస్తాయి, జవాబిచ్చే మనిషి జ్వరంతో ఉంది. ఒక స్టోరీ మాత్రం వేయించాను: ఆరోగ్యం బాగాలేదు, వచ్చే వారం కలుద్దాం అని. తిరిగి వచ్చాక మొదటి రెండు మూడు పోస్టులు తక్కువమందికి వెళ్ళాయి, తర్వాత మామూలైంది. ఆర్డర్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. చీటీ చూసి నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళు కొందరు ఎలా ఉన్నారని అడుగుతూ, అందులోనే చీరలూ అడిగారు. రోజూ పోస్టు పెట్టకపోతే అంతా పోతుందన్న భయంతో ఎంతోమంది ఆడవాళ్ళు జ్వరంలో కూడా ఫోను పట్టుకుని కూర్చోవడం నేను చూశాను. వాళ్ళకు ఈ పది రోజుల సంగతి చెబుతుంటాను.

ఇప్పుడు నేను అడిగే ప్రశ్నలు

ఈ కేసు తర్వాత కొత్తగా వచ్చినవాళ్ళతో నేను ఇన్‌సైట్స్ తెరవడానికి ముందు గత నెల ఆర్డర్ల చాట్‌లు తెరిపిస్తాను. డబ్బు పడిన గంట ఏది, మీరు జవాబివ్వగల గంట ఏది, చూపిస్తున్న వస్తువు ఎన్నాళ్ళు అమ్మకానికి ఉంటుంది, కొన్నాక దాన్ని వాడేలోపు వాళ్ళు ఇంకా ఏమేం చేయించుకోవాలి అని అడుగుతాను. టిఫిన్ సెంటరుకు ఈ జవాబులన్నీ ఒకే ఉదయంలో ఇమిడిపోతాయి. ఆరున్నరకు వేడి పెసరట్టు స్టోరీ పెడితే ఏడున్నరకు మనిషి వస్తాడు, అందుకే రోజూ పెట్టాలి. ఇంటి లోపలి అలంకరణ పని చేసేవాళ్ళకు ఒక ఇల్లు తేలడానికి నెలలు పడుతుంది. వాళ్ళు వారానికి ఒక్కటి, ఒక ఇంటి పని మొత్తం వివరంగా రాసినా చాలు. ఈ ఇద్దరికీ ఒకే పట్టిక ఇచ్చిన రోజులున్నాయి, అది నా తప్పు.

తేలనిది ఒకటి ఉంది. రాత్రి 9 తర్వాత అడిగి, మర్నాడు మధ్యాహ్నం దాకా ఆగనివాళ్ళు ఇప్పటికీ చేజారుతున్నారు. "రేపు పన్నెండున్నరకు చీర చేతిలో పట్టుకుని జవాబిస్తాను" అన్న ఒక్క వాక్యం రాత్రిపూట వెళ్ళేలా పెట్టాం. కొందరు ఆగుతారు. కొందరు మరో దుకాణానికి వెళతారు. ఆమె రాత్రిని కూడా వ్యాపారానికి ఇచ్చేయమని నేను చెప్పలేను.

2026 అధిక జ్యేష్ఠం ఉన్న ఏడాది. శ్రావణం మళ్ళీ ఆలస్యంగా వస్తుంది. క్రితం నెల ఆమె ఫోను చేసి, పోస్టులు ఎప్పుడు పెంచాలో లెక్క కట్టానని తేదీ చెప్పారు. నేను మనసులో అనుకున్న తేదీకి అది పది రోజులు ముందుంది. ఎందుకంత ముందు అని అడిగాను.

"ఇప్పుడు మామూలు బ్లౌజు ఎవరు కుట్టించుకుంటున్నారండీ? అంతా మగ్గం వర్కే. మా వీధి చివర ఉండే అమ్మాయిని అడిగాను, శ్రావణంలో ఒక్క బ్లౌజుకు మూడు వారాలు కావాలంది. ఇంకో ఇద్దరిని కూడా అడిగి చెబుతాను, అప్పటిదాకా మీరు మీ నోట్‌బుక్‌లో ఆ తేదీని పెన్సిల్‌తోనే రాసుకోండి."